గీతకు అవతలి సగం



నికోసియా నగరంలో లెడ్రా అని ఒక వీధి ఉంది. వాహనాలు రానివ్వరు. రెండు పక్కలా బట్టల దుకాణాలు, కాఫీ హోటళ్లు, నీడకోసం పైన కట్టిన గుడ్డ పందిళ్లు. ఆ వీధి వెంట ఉత్తరంగా నడుస్తూ పోతే ఉన్నట్టుండి ఒక పోలీసు గది ఎదురవుతుంది. పాస్‌పోర్టు చూపించాలి. ఆ తర్వాత కొంత దూరం ఎవరిదీ కాని నేల మీద నడవాలి. దాని చివర ఇంకో గది, మళ్లీ పాస్‌పోర్టు. అది దాటితే మళ్లీ అదే వీధి, అదే ఎండ. బోర్డుల మీద గ్రీకు అక్షరాల చోట టర్కీ భాష ఉంటుంది. కాఫీకి యూరోలకు బదులు లీరాలు అడుగుతారు.

మధ్యధరా సముద్రంలో సైప్రస్ ఒక ద్వీపం. మనలో తెలుగు బైబిలు చదివినవాళ్లకు దాని ఇంకో పేరు తెలుసు, కుప్ర. పౌలు, బర్నబా ఓడ ఎక్కి వెళ్లిన కుప్ర ఇదే. ఆ ద్వీపానికి నడిబొడ్డున ఉన్న రాజధాని నికోసియా. గ్రీకులు లెఫ్కోసియా అంటారు, తుర్కులు లెఫ్కోషా అంటారు. 1963 డిసెంబరులో గ్రీకు సైప్రియట్లకూ తుర్కు సైప్రియట్లకూ కొట్లాటలు చెలరేగినప్పుడు పీటర్ యంగ్ అనే బ్రిటిష్ మేజర్ జనరల్ పటం ముందు పెట్టుకుని, ఆకుపచ్చ పెన్సిలుతో ఊరి మధ్యగా ఒక గీత గీశాడు. కాల్పులు ఆపడానికి గీసిన గీత అది. కాల్పులు ఆగాయి, మళ్లీ మొదలయ్యాయి. 1974 జులైలో గ్రీసు సైనిక పాలకుల అండతో ఇక్కడ కుట్ర జరిగింది, ఐదు రోజులకు టర్కీ సైన్యం ద్వీపంలో దిగింది. లక్షన్నరకు పైగా గ్రీకువాళ్లు దక్షిణానికి, వేలాదిగా తుర్కులు ఉత్తరానికి ఇళ్లు వదిలి వెళ్లారు. పెన్సిలు గీత ముళ్లకంచెగా, ఇసుక బస్తాలుగా, ద్వీపం పొడవునా 180 కిలోమీటర్ల ఐక్యరాజ్యసమితి కాపలా మండలంగా గట్టిపడింది. 2003 ఏప్రిల్ 23న మొదటిసారి దాటే దారి తెరిచారు. లెడ్రా వీధి దారి 2008లో తెరుచుకుంది.

ఈ ఊరికి వెళ్లేవాళ్లు సాధారణంగా ఒక పూట దక్షిణంలో చర్చిలు, ఇంకో పూట ఉత్తరంలో మసీదులు చూసి వచ్చేస్తారు. అలా చూస్తే సగమే చూసినట్టు. ఇక్కడ ఏ గుడి కథా ఆ గుడి దగ్గర పూర్తి కాదు. మిగతా సగం గీతకు అవతల ఉంటుంది. అందుకే ఈ పూట మిమ్మల్ని అటూ ఇటూ దాటిస్తూ తీసుకెళతాను. కాస్త తిరుగుడే, అయినా ఆ ఊరిని అలాగే చూడాలి.

గీతకు దక్షిణాన, లెడ్రా వీధికి నాలుగడుగుల దూరంలో ఫనెరొమెని చర్చి ఉంది. 1872లో కట్టారు. ఊరి నడుమ పెద్ద చర్చి, ముందు ఆవరణలో పిల్లలు బంతి ఆడుకుంటారు. పక్కన చిన్న పాలరాతి సమాధి మందిరం ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని దాటుకుని చర్చిలోకి వెళ్లిపోతారు. ఆగి చూడండి. 1821లో గ్రీసులో ఒట్టోమన్ పాలనమీద తిరుగుబాటు లేచింది. ఆ నిప్పు సైప్రస్‌కు అంటుకుంటుందన్న భయంతో ఇక్కడి ఒట్టోమన్ గవర్నరు కుచుక్ మెహ్మెద్ జులై 9న ఆర్చిబిషప్ కిప్రియానోస్‌ను చెట్టుకు ఉరి తీయించాడు. ముగ్గురు బిషప్పుల తలలు నరికించాడు. వాళ్ల అస్థికలు ఈ పాలరాయి కింద ఉన్నాయి. కిప్రియానోస్ అప్పటికి తొమ్మిదేళ్ల కిందట, 1812లో, ఆర్చిబిషప్ నివాసానికి ఎదురుగా ఒక బడి పెట్టించాడు. ఆ బడి ఈనాటికీ నడుస్తోంది.

సమాధి ఇక్కడ. మరి ఉరి తీసిన చోటు? అప్పటి గవర్నరు భవనం ముందున్న కూడలి అది, ఇప్పుడు ఉత్తర భాగంలో ఉంది. ఆ కూడలిలో వెనీసువాళ్లు నిలిపిన ఎత్తయిన రాతి స్తంభం ఉంటుంది, చుట్టూ బ్యాంకులు, ఆఫీసులు. సమాధి దగ్గర దండం పెట్టుకున్నవాళ్లు ఏళ్ల తరబడి, 2003 దాకా, ఆ కూడలికి వెళ్లలేకపోయారు. నడిస్తే పావుగంట.

గీత దాటుదాం. ఉత్తరంలో అడుగు పెట్టగానే చూపు రెండు మినార్ల మీదికి పోతుంది. అది సెలిమియే మసీదు. దాని మొదటి పేరు సెయింట్ సోఫియా కతీడ్రల్. సైప్రస్‌ను మూడు వందల ఏళ్లు ఏలిన లుసిన్యాన్ రాజులు ఫ్రాన్సు నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల దేశంలో అప్పుడు గోథిక్ కతీడ్రళ్లు లేస్తున్న కాలం. 1209లో ఇక్కడా పని మొదలుపెట్టారు. నూటపదిహేడు ఏళ్ల తర్వాత, 1326లో, ప్రతిష్ఠ జరిగింది. ఫ్రాన్సు రాజు తొమ్మిదో లూయీ ఈజిప్టు మీదికి యుద్ధానికి పోతూ 1248 చలికాలమంతా ఈ ద్వీపంలోనే గడిపాడు. ఆయన వెంట వచ్చిన పనివాళ్లు ఈ కట్టడంలో చెయ్యి వేశారని చెబుతారు. సైప్రస్ రాజుల పట్టాభిషేకాలు ఇక్కడే జరిగేవి. పడమటి ముఖం మీద గంటలు కట్టే రెండు బురుజులు లేవాల్సింది, అవి పూర్తి కాలేదు. 1570 సెప్టెంబరు 9న ఒట్టోమన్ సైన్యం కోట గోడలు దాటి ఊళ్లోకి వచ్చింది. తరువాతి శుక్రవారం ఇదే కట్టడంలో నమాజు జరిగింది. పూర్తి కాని ఆ బురుజుల మీద మినార్లు లేచాయి. సెలిమియే అన్న పేరు మాత్రం చాలా కొత్తది, 1954లో పెట్టారు.

లోపలికి వెళ్లేముందు చెప్పులు విప్పాలి, ఆడవాళ్లు తల మీద ముసుగు వేసుకోవాలి. మరమ్మతుల కోసం మూసి ఉండవచ్చు, అందుకని ముందే కనుక్కుని వెళ్లడం మంచిది. తెరిచి ఉంటే మాత్రం ఒక గంట ఇక్కడే గడపండి. నేనైతే ఈ ఊళ్లో చూడాల్సిన కట్టడం ఒక్కటే చెప్పమంటే దీన్నే చెబుతాను. రాతి స్తంభాలు, కొనదేలిన కమానులు, గోడలు అన్నీ తెల్ల సున్నంతో మెరుస్తుంటాయి. రంగుటద్దాలు లేవు, విగ్రహాలు లేవు, బొమ్మలు లేవు. ఆ కాలపు గోథిక్ కట్టడాన్ని ఇంత తెల్లగా, ఇంత ఖాళీగా చూసే అవకాశం మరోచోట దొరకడం కష్టం. రాతి వంపు ఎలా లేచి ఎలా కలిసిందో కంటికి స్పష్టంగా కనబడుతుంది.

ఇప్పుడు కిందకి చూడండి. స్తంభాల వరసలు తూర్పుకు నడుస్తుంటే, తివాచీ మీద నమాజు గీతలు వాటికి ఏటవాలుగా ఉంటాయి. చర్చి కట్టినవాళ్లు తూర్పు చూశారు. మక్కా ఇక్కడికి ఆగ్నేయంగా ఉంది. రాయిని తిప్పలేరు కదా, మనుషులు తిరిగారు. నాలుగున్నర శతాబ్దాలుగా ఇక్కడ నమాజు చేసేవాళ్లు కట్టడానికి ఏటవాలుగా నిలబడుతున్నారు. ఆ తివాచీల కింద మధ్యయుగాల నాటి సమాధి పలకలు ఉన్నాయి.

ఈ ఏటవాలు వరసలు చూసి కొందరికి కోపం వస్తుంది, కొందరికి గర్వం కలుగుతుంది. నాకు మాత్రం ఆ నేల మీద కూర్చున్నప్పుడు, ఈ కప్పును ఇన్నాళ్లు నిలబెట్టినవాళ్లు ఎవరా అన్న ఆలోచన వచ్చింది. కట్టించిన రాజవంశం అంతరించింది. ఫ్రెంచి మాట్లాడే భక్తులు వెళ్లిపోయారు. వాన పడితే కప్పుకు మరమ్మతు చేయించింది, సున్నం కొట్టించింది నమాజుకు వచ్చినవాళ్లే. దౌర్జన్యంగా తీసుకున్న మాట నిజం. కాపాడిన మాటా నిజం. రెండింట్లో ఒకటి దాచి ఈ కట్టడం గురించి చెప్పకూడదు.

మసీదుకు దక్షిణం పక్కనే, గోడకు గోడ తగిలేంత దగ్గరలో బెదెస్తాన్ ఉంది. ఆరో శతాబ్దపు చర్చి పునాదుల మీద పెరిగి, పద్నాలుగో శతాబ్దంలో గోథిక్ సొగసు దిద్దుకున్న సెయింట్ నికొలస్ చర్చి. ఒట్టోమన్ల కాలంలో అది మసీదు కాలేదు, కప్పున్న అంగడి అయింది. బట్టల వర్తకం సాగేది. తర్వాత పాడుపడి, 2004 నుంచి 2009 వరకు ఐరోపా సమాఖ్య డబ్బుతో బాగుపడింది. ఇప్పుడు అక్కడ కచేరీలు జరుగుతాయి. నాలుగడుగులు వేస్తే 1572 నాటి బుయుక్ హాన్, పెద్ద సత్రం. వర్తకులు దిగిన గదుల్లో ఇప్పుడు చేతిపనుల దుకాణాలున్నాయి. నడి ఆవరణలో స్తంభాల మీద నిలబెట్టిన బుల్లి మసీదు చూసి తీరాలి.

ఇక్కడి నుంచి పడమటికి, అరబ్ అహ్మెద్ పేట అనే పాత వీధుల్లోకి పోవాలి. పేట పేరు ఒక మసీదుది. అక్కడికి దగ్గర్లో ఒక చర్చి ఉంది. ఈ ఊళ్లో సెలిమియే కట్టడం అన్నిటికంటే గొప్పదైతే, మనసు పట్టేసేది ఈ చర్చి. ఆర్మీనియావాళ్ల దేవమాత చర్చి. మొదట కన్యాస్త్రీల మఠం. పద్నాలుగో శతాబ్దం మొదట్లో, భూకంపం తర్వాత, తిరిగి కట్టారు. తరువాత ఆర్మీనియన్ల చేతికి వచ్చింది. 1571లో ఒట్టోమన్ ప్రభుత్వం ఫర్మానా ఇచ్చి, ఇది వాళ్లదేనని ఖాయం చేసింది. అలా దాదాపు నాలుగు వందల ఏళ్లు మసీదుల నడుమ ఆర్మీనియన్ల ఆరాధన సాగింది. టర్కీలో ఊచకోత తప్పించుకుని వచ్చిన కుటుంబాలు కూడా ఇదే పేటలో చేరాయి. తుర్కులతో తుర్కు భాషే మాట్లాడుకుంటూ, పక్క పక్క ఇళ్లలో బతికారు.

1963 చివర కొట్లాటల్లో ఆ పేట తుర్కుల అదుపులోకి పోయింది. ఆర్మీనియన్లు ఇళ్లు, బడి, గుడి వదిలి దక్షిణానికి వెళ్లారు. ఆ పోట్లాట వాళ్లది కాదు, వాళ్లు గ్రీకులూ కాదు, తుర్కులూ కాదు. గుడికి తాళం పడింది, కప్పు కూలింది, రాళ్లు పోయాయి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ పూనుకుని 2007 నుంచి కొన్నేళ్లు పనిచేసి తిరిగి నిలబెట్టింది. 2014 మే నెలలో ఆర్మీనియన్లు గీత దాటి వచ్చి అక్కడ ఆరాధన జరుపుకున్నారు. యాభై ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. పిల్లలుగా వెళ్లినవాళ్లు ముసలివాళ్లై వచ్చారు. గుడి ఉత్తరంలో ఉంది, దాని భక్తులు దక్షిణంలో ఉన్నారు. ఇప్పటికీ అంతే. పండుగకో, ప్రత్యేక పూజకో అనుమతి తీసుకుని వస్తారు, సాయంత్రానికి తిరిగి వెళ్తారు.

మెవ్లెవీ తెక్కె ఇంకా ఉత్తరంగా, కిరీనియా ద్వారం దగ్గర ఉంది. గిరగిరా తిరుగుతూ దేవుణ్ణి తలచుకునే సూఫీల మఠం. 1925లో టర్కీ తన దేశంలో సూఫీ మఠాలన్నీ మూయించింది. సైప్రస్ అప్పటికి బ్రిటిష్ వలస. అందుకని మాతృదేశంలో ఆగిన ఆ నాట్యం ఇక్కడ మరో పాతిక ముప్ఫై ఏళ్లు సాగింది. ఇప్పుడు మ్యూజియం. గురువుల సమాధులు ఒకే వరసలో, వరుసగా లేచిన గుమ్మటాల కింద ఉంటాయి. ఎక్కువ సేపు పట్టదు, చూసి తిరిగి గీత దాటండి.

దక్షిణంలో ఒమెరియే మసీదు. మీరు ఇప్పటిదాకా చూసినదానికి ఇది అద్దంలో బొమ్మ లాంటిది. పద్నాలుగో శతాబ్దంలో అగస్టీనియన్ సన్యాసుల చర్చి. 1570 ముట్టడిలో ఫిరంగి గుండ్లకు దెబ్బతింది. ఖలీఫా ఒమర్ ఒకప్పుడు ఈ చోట బస చేశాడన్న నమ్మకంతో లాలా ముస్తఫా పాషా దీన్ని మసీదు చేశాడు. మసీదులో నమాజు చేసే తుర్కులు గీతకు ఉత్తరంగా వెళ్లిపోయారు, మసీదు దక్షిణాన మిగిలింది. ఆర్మీనియన్ల గుడికి జరిగిందే దీనికీ జరిగి ఉండేది. అయితే ఇంతలో ద్వీపానికి కూలి పనులకూ, చదువులకూ, ప్రాణాలు దక్కించుకోవడానికీ కొత్త మనుషులు వచ్చారు. శుక్రవారం వెళితే అరబ్బులు, పాకిస్తానీలు, బంగ్లాదేశీయులు వరసల్లో నిలబడి ఉంటారు. సైప్రస్ తుర్కుల మసీదును సైప్రస్‌తో ఏ చుట్టరికమూ లేనివాళ్లు బతికించారు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. కోట బురుజు మీద బయ్రక్తార్ మసీదు అని ఒకటుంది. 1570లో మొదట బురుజెక్కి జెండా పాతి చనిపోయిన సైనికుడి పేరున కట్టింది. 1962 మార్చిలో ఈ మసీదులోనూ, ఒమెరియేలోనూ ఒకే రోజు బాంబులు పేలాయి. ఎవరు పెట్టారో నిలదీసి రాసిన ఇద్దరు తుర్కు సైప్రియట్ పాత్రికేయులను ఆ ఏప్రిల్‌లో కాల్చి చంపారు. రెండు జాతులూ కలిసి బతకాలని రాసేవాళ్లు వాళ్లు. ఎండలో మెరిసే ఆ బురుజు మీద గడ్డి, చెట్లు, బెంచీలు చూసి ముచ్చటపడేవాళ్లకు ఈ సంగతి కూడా తెలియాలని చెబుతున్నాను.

ఆర్చిబిషప్ నివాసం పక్కన సెయింట్ జాన్ కతీడ్రల్ ఉంది. కతీడ్రల్ అన్న పేరు విని పెద్దది ఊహించుకోకండి. 1662లో ఒట్టోమన్ల కాలంలో కట్టిన చిన్న రాతి చర్చి, పైకి చాలా సాదా. లోపల అడుగుపెడితే గోడల మీద, కప్పు మీద వేలెడు ఖాళీ లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో గీసిన బొమ్మలు నిండిపోయి ఉంటాయి. సృష్టి, అంతిమ తీర్పు, క్రీస్తు జీవితం. ఒక గోడ మీద నాలుగు బొమ్మల కథ ఒకటి వెతకండి. అది బర్నబా కథ. ఐదో శతాబ్దంలో అంతియొకయ చర్చి సైప్రస్ చర్చి మీద పెత్తనం కోరింది. అప్పుడు ఆర్చిబిషప్ ఆంథెమియోస్‌కు కల వచ్చి, సలమీ దగ్గర బర్నబా సమాధి దొరికిందనీ, అందులో రొమ్ము మీద మత్తయి సువార్త ప్రతి ఉందనీ చెబుతారు. ఆర్చిబిషప్ ఆ ప్రతిని జీనో చక్రవర్తికి సమర్పించాడు. అపొస్తలుడు స్థాపించిన చర్చి ఎవరి కిందా ఉండనక్కరలేదని చక్రవర్తి ఒప్పుకున్నాడు. అంతేకాదు, సైప్రస్ ఆర్చిబిషప్ చక్రవర్తిలా ఎర్ర సిరాతో సంతకం చేయవచ్చన్నాడు. ఈనాటికీ ఎర్ర సిరాతోనే చేస్తారు.

ఆ కథ బొమ్మలు ఇక్కడున్నాయి. ఆ సమాధి ఉన్న సలమీ, దాని పక్కన బర్నబా మఠం, గీతకు ఉత్తరాన ఉన్నాయి. మఠం ఇప్పుడు మ్యూజియం. తమ చర్చి స్వతంత్రతకు పునాది అయిన సమాధిని చూడాలన్నా పాస్‌పోర్టు చూపించుకుని పోవాలి.

ఇదే ఆవరణలో బైజాంటైన్ మ్యూజియం ఉంది. దాన్ని వదలకండి. ఉత్తరాన కార్పాస్ ద్వీపకల్పంలో లిత్రాంగొమి అనే పల్లె చర్చిలో ఆరో శతాబ్దపు మొజాయిక్ బొమ్మలు ఉండేవి. గోరంత గోరంత రాళ్లు, గాజుముక్కలు పేర్చి చేసినవి. ప్రపంచంలో ఆ కాలానివి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. 1974 తర్వాత దొంగలు వాటిని గోడ నుంచి ముక్కలుగా పెకలించి అమ్ముకున్నారు. అమెరికాలో ఒక వ్యాపారి పది లక్షల డాలర్లకు పైగా ఇచ్చి నాలుగింటిని కొన్నది. సైప్రస్ చర్చి ఇండియానాపొలిస్ కోర్టుకెక్కింది. 1989లో తీర్పు చర్చికి అనుకూలంగా వచ్చింది. 1991లో అవి నికోసియా చేరాయి. ఇప్పుడు గాజు వెనక, దీపం వెలుగులో ఉన్నాయి. అవి కొలువున్న గోడ మాత్రం అవతలే ఉంది.

తూర్పుకు పోతే క్రిసలినియొటిస్సా చర్చి వస్తుంది. 1450లో హెలెనా రాణి కట్టించిందంటారు. అవిసె చేనులో దేవమాత పటం దొరికిందన్న కథ వల్ల ఆ పేరు వచ్చింది. చర్చి కంటే చుట్టూ ఉన్న వీధులు నాకు నచ్చాయి. గీత పక్కనే ఉండడంతో ఖాళీ అయిన ఇళ్లను బాగుచేయించి, చిన్న పిల్లలున్న కుటుంబాలను తెచ్చి నిలబెట్టారు. ఆ పనికి మూలం ఒక మురుగు కాలువ. 1978లో దక్షిణ నగర మేయర్ లెల్లోస్ దిమిత్రియాదిస్, ఉత్తర నగర మేయర్ ముస్తఫా అకింజి కలిసి కూర్చున్నారు. ఊరు రెండైనా మురుగు పారే వాలు ఒకటే కదా. రెండు వైపులకూ కలిపి ఒకే మురుగునీటి ఏర్పాటు చేసుకున్నారు. ఆ స్నేహం నుంచే మొత్తం పాత ఊరికీ ఉమ్మడి ప్రణాళిక పుట్టింది. అటు చర్చిలనూ ఇటు మసీదులనూ బాగుచేయడం దాని వెంట వచ్చింది. 2008లో సాంస్కృతిక వారసత్వం కోసం రెండు జాతుల నిపుణులతో ఒక కమిటీ ఏర్పడింది. గ్రీకు ఇంజనీరు మసీదు గోడ కింద, తుర్కు ఇంజనీరు చర్చి కప్పు కింద నిలబడి కొలతలు తీసుకుంటున్నారు.

మనవాళ్ల పేరు ఒకటి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. గీత దగ్గర కాపలా కాసిన ఐక్యరాజ్యసమితి సేనకు 1964 నుంచి నాయకుడు జనరల్ తిమ్మయ్య. కొడగు మనిషి, హైదరాబాద్ రెజిమెంటులో పనిచేసినవారు. రెండు పక్షాల నాయకులూ ఆయన మాట వినేవాళ్లు. 1965 డిసెంబరులో సైప్రస్‌లోనే కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆ దేశం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది.

చివరగా పాఫోస్ ద్వారం దగ్గరికి రండి. వెనీసువాళ్లు 1567లో పదకొండు బురుజులతో గుండ్రంగా కట్టిన కోటకు ఇది ఒక గుమ్మం. ఆ గోడ కోసం వాళ్లు బయట ఉన్న చర్చిలను, మఠాలను, లుసిన్యాన్ రాజుల సమాధులున్న సెయింట్ డొమినిక్ మఠంతో సహా, తమ చేతులతో తామే పడగొట్టారు. మూడేళ్లకే ఊరు పోయింది.

ద్వారం పక్కన పవిత్ర సిలువ క్యాథలిక్ చర్చి. ఇది దక్షిణంలోనూ లేదు, ఉత్తరంలోనూ లేదు, కాపలా మండలంలో ఉంది. 2010లో పోప్ బెనెడిక్ట్, 2021 డిసెంబరులో పోప్ ఫ్రాన్సిస్ ఇక్కడికి వచ్చారు. ఫ్రాన్సిస్ వచ్చినప్పుడు వలస వచ్చినవాళ్లతో కలిసి ప్రార్థన చేశారు. ఆదివారం వెళితే ఫిలిప్పీన్స్, శ్రీలంక, మన దేశం నుంచి ఇళ్లల్లో పనికి వచ్చిన ఆడవాళ్లు వారమంతా దాచుకున్న మంచి బట్టలు కట్టుకుని వస్తారు. పూజ అయ్యాక మెట్ల మీద కూర్చుని ఫోన్లలో ఇంటివాళ్లతో మాట్లాడుకుంటారు. ఆ సమయానికి ఉత్తరం నుంచి అజాన్ వినిపిస్తుంది. ఎవరూ తల తిప్పి చూడరు, అలవాటైన శబ్దం. చర్చి ముందు తలుపు దక్షిణం వైపు తెరుచుకుంటుంది. వెనక కూడా ఒక తలుపు ఉంది, అది ఉత్తరం వైపు. దానికి చాలా ఏళ్లుగా తాళమే.